గ్రంథసూచికలయందు ముఖవిభాగము: ఒక విమర్శనము

గ్రంథము భాండాగారమున నుండుట వేఱు, పాఠకునకు దొరకుట వేఱు. మొదటిది సంపాదించినవారి పరిశ్రమచే సిద్ధించును. రెండవది సూచికచేతనే సిద్ధింపవలెను. సూచిక సరిగా లేనిచో నున్న గ్రంథమును లేనిదానితో సమానమగును. ఇంతకాలము ఈ విషయము గ్రంథాలయాధికారులకు మాత్రమే సంబంధించినదని పండితు లుపేక్షించుచు వచ్చిరి. ఇప్పుడు తాళపత్రములును, ప్రాతముద్రణములును ఛాయాప్రతులుగా మాఱి యంతర్జాలమున లక్షలకొలదిగా జేరియున్నవి. వానిని జూడగోరువానికి కంప్యూటరు తెరపై నొకవైపున భాష, సంవత్సరము, కర్త, విషయము, ప్రదేశము మున్నగు శీర్షికలును, ఒక్కొక్క శీర్షికక్రింద గొన్ని పదములును గానవచ్చును. తనకు వలసిన పదమును బాఠకుడు తాకినచో, తక్కిన గ్రంథములు తొలగి కోరినవి మాత్రము నిలుచును. దీనిని లోకమున ఫిల్టరనుచున్నారు. మనము వడపోత యనవచ్చును. ఈ వడపోతల నిర్మాణమును గూర్చి సాంకేతికులు చాల వ్రాసిరి. కాని యిందలి మూలప్రశ్నము యంత్రశాస్త్రమునకు జెందినది కాదు. పదార్థవిభాగమునకు, అనగా మన వ్యాకరణ నిఘంటువులకు జెందినది. కావున దీనిని బరిశీలించుట మనకు విధియే యగును.

గోదావరీమండలమున గ్రంథసంపాదనమునకు గొఱత లేదు. 1898లో నాళము కృష్ణారావుగారు రాజమహేంద్రవరమున వసురాయ గ్రంథాలయమును స్థాపించిరి. అదియే పెంపొంది నేటి గౌతమీ గ్రంథాలయమునకు మూలమైనది. 1911లో మదరాసున జయంతి రామయ్యపంతులుగారి యుద్యమముచే వెలసిన ఆంధ్రసాహిత్యపరిషత్తు తరువాత కాకినాడకు మాఱి, తాళపత్రగ్రంథములను బ్రోగుచేసి, పిఠాపుర సంస్థానాధీశ్వరుల యాదరమున సూర్యరాయాంధ్ర నిఘంటువును సంకల్పించి, 1936లో దాని ప్రథమసంపుటమును వెలువరించినది. ఇట్టి సంపాదనమంతయు నిష్ఫలము గాకుండుటకు సూచిక యెట్లుండవలెను? ఇదియే విచార్యము.

పూర్వసూచికలయందు రెండు మార్గములు గలవు. ఒకటి వర్గక్రమము, రెండవది యకారాదిక్రమము. వర్గక్రమమునకు మన కమరకోశముకంటె బ్రసిద్ధమైన యుదాహరణము లేదు. అందు సింహవ్యాఘ్రాదులు సింహాదివర్గమున నున్నవి. కాని గజాశ్వములు క్షత్రియవర్గమున, గోవులు వైశ్యవర్గమున, శునకము శూద్రవర్గమున జెప్పబడినవి. జంతువుల పేళ్లన్నియు నొకచోట గావలసినవాడు నాలుగు వర్గములు వెదకవలెను. ఇది యమరసింహుని లోపము కాదు. ఆయన జంతువును దాని వినియోగమునుబట్టి విభజించెను: గజము యుద్ధాంగము, గోవు కృషివాణిజ్యముల కాధారము, శునకము వేటగానికి దోడు. మన పైడిపాటి లక్ష్మణకవి యాంధ్రనామసంగ్రహమున దిర్యగ్వర్గమును వేఱుగా నేర్పఱచెను. జాతినిబట్టి వెదకువాని కిది సుకరము. కాని వినియోగమునుబట్టి వెదకువాని కిది యుపకరింపదు. రెండును యుక్తములే, రెండును నసంపూర్ణములే. ఒక్క విభాగము నొక్క ప్రశ్నమునకు మాత్రమే సమాధాన మీయగలదు.

ఇక నకారాదిక్రమము. సూర్యరాయాంధ్ర నిఘంటువుకంటె మన కుపకారక మగునది లేదు. కాని పదము తెలిసినవానికే యది ద్వారము తెఱచును. పేరు తెలియనివాడు దాని గడప దాటలేడు. నేడు తెరపై గానవచ్చు శోధనపేటిక, పేరు వ్రాసిన గ్రంథము చూపునది, యీ యకారాదిక్రమమునకు సంతానమే. ఎంత వేగముగా వెదకినను, అడుగనేర్చినవానికే యది బదులు పలుకును. “కోనసీమలో నచ్చైన వైద్యగ్రంథము లెవ్వి?” యని తెలిసికొనగోరు విద్యార్థి కే పేరును దెలియదు. అతడు దిరిగి చూడవలసినవాడు. తిరిగి చూచువానికి దారులు వలయును.

ఈ చిక్కును విడదీసిన మహనీయులు శియాలి రామామృత రంగనాథన్‌గారు. 1892లో దంజావూరు సీమయందు జన్మించి, గణితాచార్యులై, 1924లో మదరాసు విశ్వవిద్యాలయ గ్రంథాలయాధికారులుగా నియుక్తులైరి. అంతకుముందు 1876లో నమెరికాదేశీయుడగు మెల్విల్ డ్యూయీ దశాంశపద్ధతిని వెలువరించియుండెను. అందు జ్ఞానమంతయు నొక వృక్షము. ఒక్కొక్క గ్రంథమున కొక్కొక్క కొమ్మ. కొమ్మలన్నియు ముందుగానే లెక్కించి పెట్టబడినవి. రంగనాథన్‌గా రట్లుగాక, గ్రంథవిషయమును దాని యంగములుగా విడదీసి, ఆ యంగములను వలసినట్లు గూర్చుకొను పద్ధతిని 1933లో గోలన్ వర్గీకరణమను పేర బ్రకటించిరి. ఒక్కొక్క యంగమునకు ఫేసెట్ అని పేరు. సానబట్టిన రత్నమున కెన్ని ముఖములో, విషయమున కన్ని ముఖములు; అందుచే మేము దీనిని ముఖమనుచున్నాము. వస్తువు, ద్రవ్యము, క్రియ, దేశము, కాలము అను నైదు మూలముఖములను వారు పిమ్మట స్థిరపఱచిరి. అంతకు మున్ను 1931లో వారు చెప్పిన గ్రంథాలయ పంచసూత్రములయందు బాఠకుని కాలమును వృథా చేయరాదనునది యొకటి. నేటి వడపోతలన్నియు నీ రెండు భావముల ఫలములే.

వైయాకరణులకు మాత్ర మిది క్రొత్త కాదు. సుప్ప్రత్యయము లిరువదియొకటి; అవి యేడు విభక్తులును మూడు వచనములును గలియుటచే నేర్పడినవి. తిఙ్‌ప్రత్యయములు పదునెనిమిది, పదద్వయము, పురుషత్రయము, వచనత్రయము గలియుటచే నేర్పడినవి. ఒక రూపమును “ద్వివచనము” అని పట్టుకొనవచ్చును, “తృతీయావిభక్తి” యని పట్టుకొనవచ్చును; రెంటిచే నొకసారి పట్టినచో నిశ్చితస్థానము దొరకును. ఏది ముందు, ఏది వెనుక యను నియమము లేదు. ధాతుపాఠ మింతకంటె జక్కని నిదర్శనము. అందు రమారమి రెండువేల ధాతువులు పది గణములుగా నున్నవి. గణ మొక్కటియే విభాగమైనచో నది డ్యూయీ కొమ్మవంటిది. కాని పాణినీయులు ధాతువులకు ననుబంధములు తగిలించిరి. డుకృఞ్ అను ధాతువు తనాదిగణమున నున్నను, అందలి ఞకారముచే నుభయపదులలో జేరును. డువర్ణముచే క్త్రిప్రత్యయము వచ్చు ధాతువులలో జేరి కృత్రిమశబ్దమున కాధారమగును. స్థాన మొకటి, గుర్తులు పెక్కు. గ్రంథమునకు అలమరలో స్థాన మొకటియే యున్నను, సూచికయం దనుబంధములు పెక్కు తగిలించుటయే ముఖవిభాగము.

ఇది పండితుల యూహ మాత్రమే కాదు. 2003లో గాలిఫోర్నియాలోని బర్క్లీ విశ్వవిద్యాలయమున మార్టీ హర్‌స్ట్ అను విదుషియు నామె సహచరులును రమారమి 35,000 చిత్రకళాఖండముల సంచయమును ముఖములచే విభజించి, పాఠకులచే బరీక్షింపజేసిరి. మాటలచే వెదకు పద్ధతికంటె ముఖములచే దిరిగిచూచు పద్ధతినే పరీక్షకులలో నధికసంఖ్యాకులు మెచ్చుకొనిరి. కావున పద్ధతి మంచిదనుటలో వివాదము లేదు. వివాదమంతయు దాని నాచరించుటలోనే.

ఆచరణమున గానవచ్చు దోషములలో మొదటిది సంకరము. పెక్కు సూచికలయందు “విషయము” అను నొక్క శీర్షికక్రింద బద్యము, స్త్రీవిద్య, సంస్కృతము, తాళపత్రము, రాజమహేంద్రవరము అను పదములు కలగాపులగముగా గానవచ్చును. వీనిలో నొకటి రూపము, ఒకటి విషయము, ఒకటి భాష, ఒకటి లేఖనాధారము, ఒకటి దేశము. లింగమును వచనమును నొకే పట్టికలో గలిపి “పుంలింగము, ద్వివచనము, నపుంసకము” అని వ్రాసినవానిని మనము వైయాకరణుడనుము. ముఖములు పరస్పరము స్వతంత్రములు గావలెను. ఒక ముఖమున నున్న పదములన్నియు నొకే ప్రశ్నమునకు సమాధానములు గావలెను. ఇందు మన దేశమున దఱుచు మఱువబడునది లిపి. మదరాసున వావిళ్లవారు మున్నగువారు సంస్కృతగ్రంథముల నెన్నింటినో తెలుగులిపిలో ముద్రించిరి. లిపిని జూచి భాష “తెలుగు” అని వ్రాసినచో సంస్కృతమును వెదకువానికి గ్రంథము పోవును. భాష “సంస్కృతము” అని మాత్రము వ్రాసినచో, నాగరి చదువలేని తెలుగువానికి దాను జదువగల ప్రతి యున్నదని తెలియకపోవును. భాష వేఱు, లిపి వేఱు, రెండును ముఖములే.

రెండవది చకార వాకారముల కలయిక. పాఠకుడు భాషయం దాంధ్రమును, సంస్కృతమును రెంటిని దాకినాడనుకొందము. అతనికి వలసినవి యాంధ్రగ్రంథములు గాని సంస్కృతగ్రంథములు గానియా? లేక మూలము సంస్కృతమై టీక యాంధ్రమైన గ్రంథములా? మొదటిది వికల్పము, రెండవది సముచ్చయము. ఒకే ముఖమున రెండు పదములు గైకొన్నచో వికల్పముగాను, వేర్వేఱు ముఖములలో గైకొన్నచో సముచ్చయముగాను గ్రహించుట సామాన్యనియమము. లోకవ్యవహారమునకు నిదియే యనుకూలము. కాని సటీకగ్రంథములు బహుళముగా గల మన వాఙ్మయమున నీ యుత్సర్గమునకు నపవాద మావశ్యకము: “రెండు భాషలును గలవి” యని వేఱొక పదముండవలెను. చకారమున కే నాలుగర్థములు చెప్పిన శాస్త్రము మనది. సూచికాకారుడు రెండర్థములనైన వేఱుపఱుపకున్నచో బాఠకుడు మోసపోవును.

మూడవ దనువృత్తిదోషము. పాఠకుడు తాకిన పదములు తరువాతి వెదకులాట కన్నింటికి ననువర్తించుచుండును. అతడు మొదట “1900కు బూర్వము” అని తాకి, గడియసేపు తిరిగి, పిమ్మట “నాటకము” తాకి, రెండే గ్రంథములు కనబడగా, నాటకములే లేవని నిరాశ జెందును. మొదటి నియమ మింకను వెన్నంటియున్నదని యతడు మఱచినాడు. తెర యతనికి జ్ఞప్తి చేయలేదు. పాణిని తన యధికారసూత్రములను స్వరితముచే గుర్తించెను. పాఠపరంపరయం దా స్వరము నశించుటచే నే యధికార మెంతవఱకని వ్యాఖ్యాతలు నేటికిని వాదించుచున్నారు. సూత్రమునకు వ్యాఖ్యాతలైన నున్నారు, పాఠకునకు నెవ్వరున్నారు? కావున నమలులో నున్న పదములన్నియు దెరపై భాగమున గానవచ్చుచుండవలెను. ఒక్కొక్కదానిని విడిగా దొలగించుటకు, అన్నింటి నొకసారి తొలగించుటకు నుపాయముండవలెను. ఇది యలంకారము కాదు, స్వరితచిహ్నము.

నాలుగవది శూన్యఫలము. పాఠకుడు పదమును దాకగా “ఏమియు లేవు” అని బదులు వచ్చుట యనాదరము. ప్రతిపదముప్రక్కను దానిక్రింద మిగులు గ్రంథముల సంఖ్యను జూపినచో బాఠకుడు తాకకముందే తెలిసికొనును. సున్నయగు పదము నిద్రించుచున్నట్లు మసకగా గానవచ్చినను జాలును. పదముల వరుసయు విచార్యమే. శతాబ్దములు కాలక్రమమున నుండవలెను గాని, గ్రంథములు హెచ్చుగా గల శతాబ్దము ముందుగా నుండరాదు. కర్తల పేళ్లు మాత్రము సంఖ్యాక్రమమున నైన నకారాదిగా నైన నుండవచ్చును. అన్ని ముఖములకు నొకే వరుస విధించుట యెఱుకలేనిపని.

ఇక బదముల నిర్ణయము. పైదోషములు నిర్మాతలవి, దీనియం దుండునవి పండితులు పూనుకొననిచో దీఱనివి.

దేశమును జూడుడు. 1925లో బశ్చిమగోదావరి మండల మేర్పడి, పూర్వపు గోదావరిమండలము తూర్పుగోదావరి యయ్యెను. 2022 ఏప్రిల్ 4న మండలములు మరల విభజింపబడినవి. అంతవఱకు దూర్పుగోదావరికి బ్రధానస్థానమైన కాకినాడ యిప్పు డా మండలమునందే లేదు. తానే వేఱొక మండలము. పశ్చిమగోదావరికి బ్రధానస్థానమైన యేలూరు ప్రత్యేకమండలమై, పశ్చిమగోదావరికి భీమవరము ప్రధానస్థానమైనది. అమలాపురము కోనసీమ మండలమునకు జేరినది. ఇట్లుండ 1930లో నమలాపురమున నచ్చైన గ్రంథము “తూర్పుగోదావరి” యని వ్రాయవలెనా, “కోనసీమ” యని వ్రాయవలెనా? మా యభిప్రాయ మిది: స్థిరమైనది యూరు, మండల మస్థిరము. ఊరి పేరును ముఖముగా గైకొని, ఆ యూరు నాడే మండలమున నుండెనో, నే డే మండలమున నున్నదో రెంటిని దానికి ననుబంధించినచో, నేదారిన వచ్చినవాడైనను గ్రంథమును జేరును. రాజమండ్రి, రాజమహేంద్రవరము అను రూపములును నిట్లే: ఒకటి స్థాని, ఒక టాదేశము, రెండును నొకే గమ్యమునకు బోవలెను. భారతము, భారతం అను నక్షరభేదములకు నిదియే న్యాయము.

కర్తను జూడుడు. తిరుపతి వేంకటకవు లొక్కరా, యిద్దఱా? దివాకర్ల తిరుపతిశాస్త్రిగారు 1920లో గీర్తిశేషులైరి. చెళ్లపిళ్ల వేంకటశాస్త్రిగారు 1950 వఱకు జీవించి యొంటిగా నెంతయో వ్రాసిరి. జంటపేరు నొక్కదానినే యుంచినచో వేంకటశాస్త్రిగారి స్వతంత్రరచనలు విడిపోవును. పేళ్లు విడదీసినచో జంటకృతులు జాఱిపోవును. జంటపేరును, వేర్వేఱు పేళ్లను మూడింటిని గర్తృముఖమున నుంచుట కర్తవ్యము. శ్రీపాద కృష్ణమూర్తిశాస్త్రి, శ్రీపాద సుబ్రహ్మణ్యశాస్త్రిగారల యింటిపే రొక్కటియే. ఇంటిపేరును మాత్రము కర్తగా గ్రహించు సూచిక యిద్దఱిని నొకనిగా జేయును. ఆంధ్రమహాభారతమునకు నన్నయ, తిక్కన, యెఱ్ఱన ముగ్గురు కర్తలు. కాలములు పదునొకండు, పదుమూడు, పదునాలుగు శతాబ్దములు. పదునొకండవ శతాబ్దమును మాత్రము వ్రాసి యూరకున్న సూచికలో దిక్కనను గాలముచే వెదకువానికి భారతమే లేదు. ఒక్క ముఖమునం దొక్క గ్రంథమునకు బెక్కు పదములుండుటకు వీలు గల్పింపవలెను.

కాలమును జూడుడు. మన ప్రాతగ్రంథములయందు సంవత్సరనామము మాత్రమే యుండుట తఱుచు. ప్రభవ యనిన 1867 కావచ్చును, 1927 కావచ్చును, 1987 కావచ్చును. ముద్రణములో గాగితము, అక్షరరూపము, ముద్రాశాల చూచి నిర్ణయింపవచ్చును. తాళపత్రమున నదియు గష్టము. ఊహించి యొక సంవత్సరమును వ్రాయుట యసత్యము. ఏమియు వ్రాయకుండుట యంతకంటె బ్రమాదము.

ఎట్లనగా: కాలముఖమున నేదైన నొకపదమును బాఠకుడు తాకగానే, కాలము వ్రాయబడని గ్రంథములన్నియు మౌనముగా దొలగిపోవును. ఏవి తొలగెనో యతనికి దెలియదు. పాణిని లోపమును నాశమని నిర్వచింపలేదు, అదర్శనమని నిర్వచించెను. లోపించినదానికి గూడ గార్యము గలదని మన శాస్త్రమున బ్రత్యయలోపస్థలములందు బ్రసిద్ధము. కాని యీ సూచికలయందలి యదర్శనము నాశమే యగుచున్నది. ఏ గ్రంథమునకు గాలము తెలియదో, ఏ కృతికి గర్త తెలియడో, ఏ తాళపత్రమునకు నాద్యంతములు లేవో, యవియే పరిశోధకుని హస్తమునకై యెక్కువగా నెదురుచూచునవి. కాలము తెలిసిన గ్రంథమును వెదకువారు పలువురు. తెలియనిదానిని నిర్ణయించుటకే పరిశోధకమండలు లున్నవి. అట్టి గ్రంథములనే వడపోత ముందుగా బాఱబోసినచో, వివరము సమగ్రముగా నున్నవే మరల మరల చదువబడును. అవ్యక్తము లవ్యక్తములుగనే యుండి చెదలపాలగును. కావున బ్రతిముఖమున “తెలియదు” అను పదము తక్కినవానితో సమానగౌరవమున నుండవలెను. దానిప్రక్కను సంఖ్యయు నుండవలెను. “ప్రభవ, 1867 గాని 1927 గాని” యని వికల్పముగా వ్రాయుటకు నవకాశ ముండవలెను. ఈ యొక్క సంస్కారమును జేయనిచో దక్కిన సౌకర్యములన్నియు నందమైన ద్వారబంధముల వంటివే.

కొంద ఱిట్లు వాదింతురు: “నేడు యంత్రమునకు మనుష్యభాషలోనే ప్రశ్న వేయవచ్చును గదా, యీ ముఖములతో బనియేమి?” యని. యంత్రమైనను వ్రాయబడినదానినుండియే చెప్పవలెను. లిపి వ్రాయనిచో లిపి చెప్పలేదు. చెప్పినచో నూహించి చెప్పును. అంతేకాక, ప్రశ్న వేయువానికి దన ప్రశ్న ముందుగా దెలియవలెను. ముఖములు ప్రశ్నలను నేర్పును. నాటకములలో యక్షగానములెన్నియో చూచినవానికి, అవి యే యూళ్లలో నచ్చైనవో తెలిసికొనవలెనను కోరిక యప్పుడే పుట్టును. మఱికొందఱు ముఖములు హెచ్చయినచో బాఠకుడు తికమకపడునందురు. ఇది సత్యము. నేడు పెక్కుమంది యఱచేతిలోని ఫోనుపైనే చదువుచున్నారు. దాని తెర చిన్నది. అందుచే మొదట నాలుగైదు ముఖములను మాత్రము జూపి, తక్కినవానిని గోరినప్పుడు తెఱచునట్లు చేయవలెను. తఱుచుగా గోరబడునది ముందుండవలెనుగాని, సూచికాకారునకు సులభమైనది ముందుండరాదు.

మా ప్రాంతపు గ్రంథములకు మే మనుమతించు ముఖములు తొమ్మిది: కర్త, భాష, లిపి, రూపము, విషయము, ఊరు, కాలము, ముద్రితమో లిఖితమో, టీకాదులు గలవో లేవో. వీనికంటె నెక్కువ కోరువారు ముందుగా వీనిని సత్యముగా నింపిన తరువాత గోరుదురుగాక. పది ముఖములను బొరపాట్లతో నింపుటకంటె నైదింటిని నిశ్చయముగా నింపుట మేలు. ఛాయాప్రతిని దీయుటకు యంత్రము చాలును. ముఖములను నింపుటకు దాళపత్రముతుదిగద్యమును జదువగలవాడు, జంటకవులను విడదీయగలవాడు, సంవత్సరచక్రమును లెక్కింపగలవాడు వలయును. అట్టివా రీ మండలమున నింకను గలరు. వారి సంఖ్య యేటేట దగ్గుచున్నది. సాంకేతికులు పండితుల నడుగుటకు సంకోచింపరాదు. పండితు లిది గుమాస్తాపని యని యలక్ష్యము చేయరాదు. ధాతువులకు ననుబంధములు తగిలించినవారు మునులు. గ్రంథములకు ననుబంధములు తగిలించుట మనకు జిన్నతనము కాదు. దీనిని విజ్ఞులు విచారింతురుగాక.